నేను పాఠం చెప్పలేదు

నవంబరు 30, శనివారం

నెలాఖరు. సంతకం పెట్టాను. కాగితం మీద ఉండేది ఒకటే వాక్యం. "ఈ నెలలో నేను పిల్లలకు ఏ పాఠమూ చెప్పలేదని ధ్రువీకరిస్తున్నాను." కింద పరంజ్యోతి అని రాసి, తేదీ వేసి, ఫొటో తీసి నంద్యాల ఆఫీసుకు పంపాను. జూన్ నుంచి ఇది ఆరోది.

ఈ బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. చెప్పానని ఎవరూ ఏనాడూ సంతకం అడగలేదు.

కోపం లేదు. సాగర్ నా తమ్ముడు. ఆళ్ళగడ్డ మిషన్ బడి మూతపడేటట్టు ఉంటే వాడి ట్రస్టు తీసుకుని నిలబెట్టింది. విదేశాల వాళ్ళు పంపిన పెద్ద టీవీని నల్లబల్ల మీదే బిగించారు. హైదరాబాదు నుంచి అక్షయ టీచర్ అందులో కనిపించి పాఠం చెప్తుంది. ముగ్గురు టీచర్లలో అరుణకుమారిని, ఇంకొకామెను మాన్పించారు. నన్ను ఉంచారు. టీవీ వేయాలి, పిల్లలను కూర్చోబెట్టాలి, టీవీ ఆపాలి. పాఠం గురించి నోరు తెరవకూడదు.

"స్క్రీన్ ఒక్కటే ఎంత నేర్పుతాదో కొలుస్తాండారు అక్కా. మధ్యలో నువ్వు చెప్తే కొలత చెడిపోతాది. కొలత బాగొస్తే మనలాంటి బీద దేశాలు ఇంకా మూడింటికి పోతాది ఇది" అన్నాడు.

మంచి పనే. ఉదయం వాడి కోసం ప్రార్థన చేశాను.

డిసెంబరు 3, మంగళవారం

నాలుగో తరగతిలో రుక్సానా అని ఒక పిల్ల ఉంది. పాఠం అయ్యాక నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"టీచర్, ఆ టీచరమ్మకు మేం ఇనపడతామా?"

"వినపడతారు. టీవీ మూలన ఎర్ర చుక్క ఉంది కదా. ఇప్పుడే చెప్తోందని గుర్తు."

"మున్నా తప్పు చెప్పినాడు. అయినా వెరీ గుడ్ అనింది."

"గోలలో సరిగా వినపడి ఉండదు."

"నిన్న నేను ఏం చెప్పకుండా ఊరకుంటి. అప్పుడు గూడా వెరీ గుడ్ అనింది."

పోయి కూర్చోమన్నాను. పెద్దవాళ్ళ మీద అనుమానం మంచిది కాదని కూడా అన్నాను.

డిసెంబరు 5, గురువారం

ఇమాంబీ వచ్చింది. రుక్సానా తల్లి. బస్టాండు ముందర ఉగ్గాని, బజ్జీల బండి ఆమెది. భర్త బుడేన్ శిల్పాల షెడ్డులో రాళ్ళకు పాలిష్ పడతాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నిజం చెప్పు టీచరమ్మా. ఏప్రిల్‌లో గురుకులం పరీక్ష ఉందంట గదా, ఐదో తరగతికి. మా రుక్సానాకు సీటు వస్తాదా?"

"చదివితే వస్తుంది."

"వస్తే అదృష్టం. తిండీ ఆడనే, పడకా ఆడనే. ఇంటికాడ ఉంటే వాళ్ళ నాయన క్రాసింగుకు తోలేస్తాడు. పెద్దదాన్ని అట్లనే తోలె."

పెద్ద పిల్ల నా దగ్గరే చదివింది. ఐదు మధ్యలో మానింది. క్రాసింగంటే, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా విత్తనపు పత్తి చేలల్లో పూమొగ్గలు చీల్చి, మగపూల పుప్పొడి రుద్దాలి. చిన్న వేళ్ళు కావాలని ఆడపిల్లలనే తీసుకుపోతారు. ఒక సీజను పోయిన పిల్ల తిరిగి బడికి రావడం నేను రెండుసార్లే చూశాను.

"వేరే ట్యూషనుకు పంపాల్నా?" అని అడిగింది.

"అవసరం లేదు. మా స్క్రీన్ పాఠం చాలు" అన్నాను.

"అయితే నీ మాట మీద ఉంటాండా" అని పోయింది.

నా నోట్లోంచి సాగర్ మాట వచ్చింది. అబద్ధం కాదు. వాడు చాలునన్నాడు.

డిసెంబరు 10, మంగళవారం

భిన్నాలు మొదలయ్యాయి. అక్షయ ఒక గుండ్రం గీసి, సగం రంగు వేసి "ఇది సగం, అర్థమైందా పిల్లలూ?" అంది. పిల్లలంతా ఒకే గొంతుతో "అర్థమైందీ" అన్నారు. ఆదివారం బడిలో నేను నేర్పిన రాగమే. అడిగిన వెంటనే అందరూ కలిసి చెప్పాలని నేర్పింది నేనే.

రుక్సానా చెయ్యెత్తి ఉంచింది. టీవీ వైపు చూస్తూ ఎత్తి ఉంచింది. చెయ్యి నొప్పి పుట్టి రెండో చేత్తో పట్టుకుంది. పాఠం అయిపోయింది.

"ఎనిమిది రొట్టెల్లో పావు అంటే రెండు రొట్టెలంట. పావు అంటే ముక్క గదా టీచర్. రెండు ఎట్లాయ?"

సుద్దముక్క తీసుకున్నాను. అంతే. నేల మీద ఒక గీత గీశానో లేదో ఫోన్ మోగింది. గదిలో కెమెరా ఉన్న సంగతి మరిచిపోయాను.

"అక్కా, సుద్ద కింద పెట్టు" అన్నాడు సాగర్.

పెట్టాను.

డిసెంబరు 12, గురువారం

రుక్సానా ప్రశ్నను, అక్షయకు పంపమని బడికిచ్చిన ట్యాబులోని ప్రశ్నల పెట్టెలో మళ్ళీ రాసి పంపాను. "మీ ప్రశ్న అందింది. ధన్యవాదాలు" అని వచ్చింది. మొన్నా అదే వచ్చింది.

జనవరి 7, మంగళవారం

"ఈరోజు నా గొంతు బాగాలేదు పిల్లలూ, కొంచెం ఓపిక పట్టండి" అంది అక్షయ. దగ్గింది. నీళ్ళు తాగి మళ్ళీ దగ్గింది. పిల్లలు కదలకుండా చూశారు. పాఠం అయ్యాక మున్నా "టీచరమ్మకు మందు ఎవరు తెచ్చిస్తారు?" అని అడిగాడు.

ప్రార్థన చేద్దామన్నాను. పందొమ్మిది మందీ కళ్ళు మూసుకున్నారు. రుక్సానా, మున్నా అరచేతులు పైకి పెట్టి వాళ్ళ పద్ధతిలో అడిగారు. ఆమె గొంతు బాగుపడాలని నేను చెప్పాను, వాళ్ళు ఆమెన్ అన్నారు.

పాఠం కాని మాట కాబట్టి ఫోన్ రాలేదు.

జనవరి 12, ఆదివారం

ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడి అక్షయ గొంతు గురించి చెప్పాను. సంఘమంతా ప్రార్థించింది. శుక్రవారం ఉపవాసం ఉన్నాను.

జనవరి 17, శుక్రవారం

గొంతు బాగయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. దేవునికి స్తోత్రం.

ఫిబ్రవరి 17, సోమవారం

చాగలమర్రిలో కూడా సాగర్ ట్రస్టుది ఇలాంటి బడి ఉంది. అక్కడ నా పని చేసే ఎలీషా కంటి ఆపరేషన్ చేయించుకుంటున్నాడు. ఇక్కడ పిల్లలకు సెలవిచ్చి నన్ను రెండు రోజులు అక్కడికి పొమ్మన్నారు. ఆ బడి మాకంటే ఆరు వారాలు ఆలస్యంగా మొదలైంది. అందుకని అక్షయ వాళ్ళకు విడిగా, వేరే వేళకు పాఠం చెప్తుందనుకున్నాను.

పదింటికి టీవీ వేశాను. ఎర్ర చుక్క వెలిగింది. అక్షయ వచ్చింది. ఆకుపచ్చ చీర.

"ఈరోజు నా గొంతు బాగాలేదు పిల్లలూ, కొంచెం ఓపిక పట్టండి."

దగ్గింది. నీళ్ళు తాగింది. మళ్ళీ దగ్గింది.

ముందు బల్ల మీది పిల్లవాడు "పాపం టీచరమ్మా" అన్నాడు.

"వెరీ గుడ్" అంది ఆమె.

ఫిబ్రవరి 18, మంగళవారం

మోకరించాను. ఏమీ అడగకుండానే లేచాను.

ఫిబ్రవరి 20, గురువారం

నంద్యాల పోయాను. ఆఫీసులో సాగర్ లేచి నిలబడి కుర్చీ జరిపాడు. ఎప్పుడూ మర్యాదలో లోటు చేయడు.

"ఫోన్ చేసింటే నేనే వచ్చేటోణ్ణి గదా అక్కా. టీ తెప్పిస్తా."

"అక్షయ యాడుంది?"

తలుపు వేసి వచ్చాడు.

"ఆ పిల్ల మానేసి రెండేండ్లాయ. బ్యాంకులో చేరిందంట."

"ఎర్ర చుక్క?"

"అది బొమ్మ. ఊరికే పెట్టినారు. ఇప్పుడే చెప్తాంది అనుకుంటే పిల్లోళ్ళు శ్రద్ధగా చూస్తారని. లైవ్ అయితే ఏంది, రికార్డయితే ఏంది? పాఠం పాఠమే గదా."

"నేను పంపే ప్రశ్నలు ఎవరు చదువుతాండారు?"

"లెక్కబెడతారు అక్కా."

"చదువుతారా అని అడుగుతాండా."

"ఎన్ని వచ్చినాయో చూస్తారు. ఎక్కువొస్తే పిల్లోళ్ళు బాగా పాల్గొంటాండారని అర్థం. మీ ఆళ్ళగడ్డనే ఫస్టు."

టీ వచ్చింది. తాగలేదు.

"ఆ పిల్ల గొంతు కోసం నేను ఉపవాసం ఉంటి సాగరూ. సంఘం చేత ప్రార్థన చేయిస్తిని."

వాడికి నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూశాడు, ఆగలేదు. "నీ ప్రార్థన యాడికీ పోదులే అక్కా. ఇప్పుడా పిల్ల గొంతు బ్రహ్మాండంగా ఉంటాది."

నేను లేచాను. అప్పుడు నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మార్చి ఇరవై ఒకటిన డబ్బులిచ్చినోళ్ళు వీడియోలో పిల్లోళ్ళను చూస్తారు. ఈసారి నిజంగా లైవే. అంతవరకు ఉండు. నెల. ఆ తర్వాత నువ్వు చెప్పుకో, నేను కెమెరా గూడా చూడను. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేండ్లు. అప్పట్నుంచి నిన్ను ఏమన్నా అడిగినానా?"

చాలా అడిగాడు. అన్నీ ఇచ్చాను. అది వాడికి గుర్తు లేదు, ఎందుకంటే ఏదీ రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు.

సరే అన్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

నెలంటే బడి రోజులు ఇరవై నాలుగు. పరీక్ష ఏప్రిల్ ఇరవై ఏడున. మధ్యలో ఇంకా నెల పైన ఉంటుంది. రుక్సానా చురుకైన పిల్ల. సరిపోతుంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

సంతకం పెట్టాను. తొమ్మిదోది.

సరిపోతుంది.

మార్చి 9, ఆదివారం

చర్చి మెట్ల దగ్గర అరుణకుమారి ఎదురైంది. ఇప్పుడు బట్టల అంగట్లో పని చేస్తోంది.

"ఏం పరంజ్యోతక్కా, టీవీ బాగుందా? అన్నం తింటాందా?"

నవ్వాను.

"పిల్లోళ్ళకు చదవడం వస్తాందా లేదా, ఆ ఒక్కటి చెప్పు."

వస్తుందన్నాను. తను నా ముఖం వైపు చూసింది. "నువ్వు అబద్ధం చెప్తే ముక్కు రుద్దుకుంటావు అక్కా. ముప్పై ఏండ్లుగా చూస్తాండా" అని చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగిపోయింది.

మార్చి 10, సోమవారం

కెమెరాకు కనపడని వరండాలోకి ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ళు ఎప్పుడూ చూడని పుస్తకం ఒకటి చేతికిచ్చి చదవమన్నాను. చదివించడం పాఠం చెప్పడం కాదు.

పందొమ్మిది మందిలో తడుముకోకుండా చదివింది నలుగురు. ఏడుగురు కూడబలుక్కున్నారు. ఆరుగురికి ఒత్తులు రావు. ఇద్దరు పుస్తకం తెరిచి అక్షయ పాఠం అప్పజెప్పారు, పేజీలో ఉన్నది చదువుతున్నట్టు వేలు కదుపుతూ.

రుక్సానా చదివింది. భిన్నాలు అడిగాను. ఠకఠకా మొదలుపెట్టింది. అదే గొంతు, అవే విరామాలు. "ఇది సగం, అర్థమైందా పిల్లలూ?" అని ఆగింది. "వెరీ గుడ్" అంది. మధ్యలో దగ్గింది కూడా. అది కూడా పాఠమే అనుకుంది.

"సరే, ఎనిమిదిలో ముప్పావు ఎంత?"

"అది ఆ టీచరమ్మ చెప్పలే."

చెప్పలేదు. చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. నా చేతి సంచిలో ఎనిమిది రేగుపండ్లు ఉన్నాయి.

పోయి కూర్చోమన్నాను. ఇంకా పదకొండు రోజులు.

ఇది రాస్తుంటే పెన్ను కాగితాన్ని చీల్చింది. ఎవరి మీద అని రాయలేను.

మార్చి 21, శుక్రవారం

సాగర్ వచ్చాడు. పిల్లలకు కొత్త టీషర్టులు. టీవీ నిండా చిన్న చిన్న గళ్ళలో ముఖాలు, ఏయే దేశాల వాళ్ళో. రుక్సానాను ముందుకు పిలిచి అప్పజెప్పమన్నారు. అప్పజెప్పింది. దగ్గు మాత్రం వద్దని సాగర్ ముందే చెప్పి ఉంచాడు. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దామె కళ్ళు తుడుచుకుంది. బడిలో నీకేం ఇష్టమని అడిగింది. సాగర్ ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాడు.

రుక్సానా టీవీ దగ్గరికి పోయింది. "మీకు మేం నిజంగా కనపడతాండామా?" అని అడిగింది. ఆమె చెయ్యి ఊపింది. రుక్సానా కుడిచెయ్యి ఎత్తింది, ఆమె కూడా కుడిచెయ్యి ఎత్తింది. దించింది, ఆమె దించింది. అప్పుడు నమ్మింది.

"అయితే ఒక డౌటు ఉంది" అంది.

సాగర్ ఇంగ్లీషులో, ఈ స్క్రీన్ టీచర్ అంటే నాకు ప్రాణం అంటోంది అని చెప్పాడు. ఆమాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. వాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు. పిల్ల నిలబడే ఉంది, జవాబు కోసం. తెర నల్లబడింది.

మార్చి 24, సోమవారం

శిల్పాల షెడ్డు నుంచి ఇద్దరిని పిలిచి టీవీ దించాను. నల్లబల్లకు నాలుగు చోట్ల చిల్లులు. కెమెరా మీద నా పాత చీర కప్పాను. ఫోన్ మోగింది. ఎత్తలేదు. మాట ప్రకారం నెల ఇచ్చాను.

"ఎనిమిదిలో ముప్పావు" అని రాసి వెనక్కి తిరిగాను.

పరీక్షకు ముప్పై నాలుగు రోజులు.

మార్చి 31, సోమవారం

ఈ నెల కాగితం పంపలేదు. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 12, శనివారం

ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఆదివారాలు ఆరాధన తర్వాత. మిగతా పిల్లలకు ఒత్తులు, రుక్సానాకు లెక్కలు. ముప్పావులు వచ్చాయి. పెద్ద భాగహారాలు రావడం లేదు. వస్తాయి. రోజులే లేవు.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

మూడు గంటల ఆరాధన. ఒక గంట కూర్చుని వచ్చేశాను. రుక్సానా బడి మెట్ల మీద కాచుకుని ఉంది.

ఏప్రిల్ 27, ఆదివారం

నంద్యాలలో పరీక్ష. ఆరు గంటల బస్సుకు పిల్లను తీసుకుపోయాను. జబ్బు చేయకుండా ఆదివారం ఆరాధన మానడం ఇదే మొదలు. పిల్లలను లోపలికి పంపి గేటు వేశాక, బయట తల్లులు ఎక్కడున్నవాళ్ళు అక్కడే నిలబడిపోయారు.

రుక్సానా బయటికి వచ్చి చెప్పులు వేసుకుంది.

"తెలుగు బాగ రాసినా. లెక్కల్లో పదకొండు వదిలేసినా టీచర్. వస్తాయి నాకు. చేస్తానే ఉంటే బెల్లు కొట్టిరి."

మే 16, శుక్రవారం

రాలేదు. మూడు మార్కులు తక్కువ.

మే 17, శనివారం

ఇమాంబీ బండి దగ్గరికి పోయాను. ఫలితం ఆమెకు తెలుసు. నేను చెప్పాల్సింది వేరే. ఫిబ్రవరిలోనే నాకు నిజం తెలిసిందని, తమ్ముడి కోసం నెల ఊరకున్నానని చెప్పాను. ఆమె బజ్జీలు నూనెలోంచి తీసింది.

"ట్యూషనుకు పంపాల్నా అని అడిగితిని."

"అడిగినావు."

"వద్దంటివి."

"అవును."

"సరే, అప్పుడు నీకూ తెల్దు. తెలిసినంక వచ్చి ఒక్క మాట చెప్పింటే యాడనో ఒకచోట చేర్చేదాన్ని. ఈ బండి అమ్మైనా చేర్చేదాన్ని." ఒక బస్సు వచ్చింది, నలుగురు దిగారు, నలుగురికీ పొట్లాలు కట్టి ఇచ్చింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది. "నీ తమ్ముడు నీకు ఎక్కువ. ఎవురికైనా అంతేలే. కాకపోతే నువ్వు కండ్లు మూసుకుని దేవునితో మాట్లాడేదానివి గదా అని నమ్మితి."

జూన్ 2, సోమవారం

సంవత్సరం మొత్తానికి ఒక కాగితం వచ్చింది. "ఈ విద్యా సంవత్సరంలో నేను పిల్లలకు ఏ పాఠమూ చెప్పలేదు." దాని అడుగున డబ్బులిచ్చినవాళ్ళ మెయిల్ చిరునామా ఉంది. నెల నెలా పంపిన కాగితాల అడుగునా ఇన్నాళ్ళూ ఉంది, ఇన్నాళ్ళూ చూశాను.

ఆ వాక్యం కొట్టేసి రాశాను.

"మార్చి 24 నుంచి నేను పాఠం చెప్పాను. అంతకు ముందు చెప్పలేదు. అది నా తప్పు. టీవీలోని టీచర్ ఉద్యోగం మానేసి రెండేళ్ళు దాటింది. ఆమె ఇప్పుడే మాట్లాడుతోందని పిల్లలకు అబద్ధం చెప్పాం. వాళ్ళ ప్రశ్నలు ఎవరూ చదవలేదు. మీరు విన్నది చదువు కాదు, అప్పజెప్పడం. పందొమ్మిది మందిలో తడుముకోకుండా చదవగలిగింది నలుగురు. మీకు నిజంగా కనపడిన రోజు ఒక పిల్ల మిమ్మల్ని ఒక సందేహం అడిగింది. మీకు వేరే మాట చెప్పారు."

అరుణకుమారి కొడుకు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపాడు. నంద్యాలకు కూడా పంపాను. సాగర్ వెనుక చాటుగా చెప్పినట్టు ఉండకూడదు.

జూన్ 6, శుక్రవారం

సాగర్ వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నీ ఒక్క కాగితంతో మూడు దేశాలు ఆగిపోయినాయి. తెలుసునా నీకు?"

"ఆగనీ."

"ఆగనీనా? అసలు టీచర్ అనేటోడే లేని ఊర్లు ఎన్ని ఉన్నాయో తెలుసునా అక్కా? ఏమీ లేనిదానికంటే ఇది మేలు కాదా?"

ఆ మాటలో నిజం ఉంది. అయినా చెప్పాను.

"టీచర్ లేని ఊరికి పోయి పెట్టింటే నేనే నీ కాళ్ళకు మొక్కుదును. ఈడ ముగ్గురు ఉంటిమి. ఇద్దరిని పంపిస్తివి. ఒకదాని నోరు కుట్టిస్తివి. ఇంక టీచర్లు లేరని వాళ్ళకు చూపిస్తివి."

"నిన్ను ఉంచింది నేనే. జీతం ఇచ్చింది నేనే."

"నోరు మూసుకున్నందుకు ఇస్తివి. తీసుకుంటి. అది గూడా రాసింటే బాగుండు."

"తమ్ముని బతుకు తీసి ఎవరో ఉగ్గానామె పిల్లకు పోస్తివి."

నేను వాణ్ణి ఎప్పుడూ కొట్టలేదు. తల్లి లేని పిల్లవాడని. చెయ్యి లేచింది. దించుకున్నాను.

"పో సాగరూ" అన్నాను. "ఉండినావంటే ఆ పిల్ల పేరు నూరుసార్లు పలికిస్తా. రుక్సానా."

పోయాడు. గేటు వేయలేదు. నేనూ వేయలేదు.

కోపం లేదని ఇన్నాళ్ళూ ఇందులో రాశాను. ఉంది. వాడి మీద ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. తీసెయ్యమని దేవుణ్ణి అడగను. కొన్నాళ్ళు పని ఉంది దానితో.

జూన్ 12, గురువారం

డబ్బులు ఆగాయని ట్రస్టు కమిటీ బడికి తాళం వేసింది. పిల్లల చేతులు పట్టుకుని ప్రభుత్వ బడికి పోయి ఒక్కొక్కరినీ చేర్చాను. రుక్సానా ఐదులో. నాతో నడిచింది. మాట్లాడలేదు.

ఆగస్టు 18, సోమవారం

రుక్సానా వారం నుంచి రావడం లేదని హెడ్మాస్టరు ఫోన్ చేశాడు.

చాగలమర్రి రోడ్డు మీద దిగి రెండు మైళ్ళు నడిచాను. పత్తి నడుము ఎత్తు పెరిగింది. సాళ్ళలో ఏడుగురు ఆడపిల్లలు. తొమ్మిదేళ్ళ నుంచి పదమూడు దాకా ఉంటారు. నెత్తికి తువ్వాళ్ళు. మేస్త్రీ గురవయ్య గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏందీ టీచరమ్మా, ఈడ గూడా టీవీ పెడతావా?"

"పిల్లను తీసుకుపోతా."

"వాళ్ళ నాయన తోలినాడు, నేను తెచ్చుకున్యా. మధ్యలో నువ్వెవురు?"

రుక్సానాను పిలిచాను. తల ఎత్తలేదు. మొగ్గ మీది పొర గిల్లి, ఎర్ర దారం కట్టి, పక్క మొగ్గకు పోయింది. ఎంత త్వరగా నేర్చుకుందో. ఆ పని నేర్పినవాళ్ళు దగ్గర నిలబడి, చేత్తో పట్టి నేర్పారు.

ఆగస్టు 19, మంగళవారం

కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. చేను, మేస్త్రీ, ఏడుగురి పేర్లు, వయసులు. గుమాస్తా మంచివాడే. "జీపు పోయేసరికి పిల్లోళ్ళు ఉండరమ్మా. దూరం నుంచి దుమ్ము చూసి పంపించేస్తారు. ఎన్నిసార్లు పోలేదు మేం" అన్నాడు.

"నేను గట్టు మీద ఉంటాను. యాడికి పంపినా వెంటపోతా" అన్నాను.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున నుంచి గట్టు మీద.

ఆగస్టు 21, గురువారం

గట్టు మీద. "గొడుగన్నా తెచ్చుకో తల్లీ, ఎండకు పోతే నా మెడకు చుట్టుకుంటావు" అన్నాడు గురవయ్య. రుక్సానా మూడుసార్లు ఇటు చూసింది. మూడుసార్లూ పో అన్నట్టు చూసింది.

పోలేదు.

ఆగస్టు 23, శనివారం

పదకొండింటికి దుమ్ము లేచింది. గురవయ్య ఈల వేశాడు. పిల్లలు పక్క జొన్న చేలోకి పరిగెత్తారు. ఆ గట్టుకు అడ్డంగా ముందే నిలబడి ఉన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లల్ని వరసలో నిలబెట్టిన గొంతు ఒకటి నాకుంది. ఏడాదిగా దాన్ని వాడలేదు.

"నిలబడండి" అన్నాను.

నిలబడ్డారు. గురవయ్య కూడా నిలబడ్డాడు.

జీపు దిగినవాళ్ళకు ఏడుగురి పేర్లూ నేనే రాయించాను.

సాయంత్రం రుక్సానా తండ్రి బుడేన్ మా ఇంటి ముందుకు వచ్చి తిట్టాడు. మధ్యలో దగ్గు వచ్చి ఆగేవాడు. రాతి దుమ్ము దగ్గు. తిట్టడం అయ్యేదాకా నిలబడి విన్నాను. నీళ్ళు ఇచ్చాను. తాగలేదు.

ఆగస్టు 25, సోమవారం

పొద్దున్నే ఇమాంబీ వచ్చింది. రుక్సానా చేతిలో రేకు పెట్టె.

"నీ దగ్గర పెట్టుకో. వాళ్ళ నాయన సంతకం పెట్టినాడు ఆఫీసులో. మళ్ళా తోలితే కేసు అన్న్యారు. అయినా ఇంటికాడ పెట్టుకుంటే నాకు భయం. ఏప్రిల్‌లో గురుకులంలో ఆరో తరగతి ఖాళీలకు పరీక్ష ఉందంట." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిన్ను నమ్మి కాదు టీచరమ్మా. ఇంకో దారి ల్యాక."

"తెలుసు" అన్నాను.

బండి పెట్టే వేళ దాటుతోందని పోయింది.

పిల్ల అన్నం తినింది. తట్ట కడిగింది. పుప్పొడి పసుపు ఇంకా గోళ్ళ కింద ఉంది. నేను బల్ల జరిపి, పుస్తకం తీసి కూర్చున్నాను. వచ్చి ఎదురుగా నిలబడింది. జూన్ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"అర్థం కాలేదని చెప్తే ఏం చేస్తావు?"

"మళ్ళీ చెప్తా."

"మళ్ళా గూడా కాకపోతే?"

"మళ్ళీ చెప్తా."

"మధ్యలో నీకు ఫోన్ వస్తే?"

ఫోన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఆమెకిచ్చాను. పిడికిట్లో పెట్టుకుని కూర్చుంది. మొదటి లెక్క చెప్పాను. నా నోటి వైపే చూస్తోంది, ఎప్పుడు ఆగిపోతుందో కనిపెట్టాలన్నట్టు.

"అర్థమైందా?" అన్నాను.

"కాలే" అంది.

అర్థమైంది. ముఖం చూస్తే తెలుస్తుంది. మళ్ళీ చెప్పాను.

"కాలే."

మళ్ళీ చెప్పాను. ఆరుసార్లు అయింది. ఏడోసారి మొదలుపెడుతున్నాను.